టోపి తీసినవా

కార్తీక మాసం. లక్సెట్టిపేట వైపు ఒడ్డు నుంచి ధర్మపురికి బయలుదేరిన పడవ గోదావరి నడుమకు వచ్చింది. అందులో లక్ష్మీరాజం, అతని భార్య అనసూర్య, పడవ నడిపే ముత్తయ్య, ఇంకొందరు యాత్రికులు.

"మల్లొక్కపారి చెప్పు. సందుగకు తాళమేసినవా?"

"ఏసిన అనసూర్యా, ఏసిన. గుంజి సూత చూసిన. రేవు కాడ అడిగినవ్, పడవెక్కంగ అడిగినవ్, మల్ల గిప్పుడా?"

"అడిగితే ఏం పోయింది? ఇంట్ల మన మొగిలిగాడు అయిదేండ్ల పోరడు. చూపు ఆనని ముసలమ్మకు అప్పజెప్పి వస్తిమి."

"మా అవ్వ నన్ను సాదలేదా?"

"నిన్ను సాదిన్నాడు ఇంట్ల తుపాకి లేకుండె."

"మంచిగన్నది మీ ఇంటామె, లక్ష్మీరాజం."

"నువ్వు గడ వెయ్యి ముత్తయ్య కాకా. పక్కూర్ల గోడకు కన్నమేసి బుచ్చవ్వ మెడల బంగారు గుండ్లు తెంపుకపోతే ఒక్కడన్న అడ్డమొచ్చిండా? మాది ఊరవతలి ఇల్లు. దొంగోడొచ్చినంక నేను మందు పోసి, గుండేసి, చువ్వతోని దంచుకుంట కూసోవాల్నా? దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు."

"గందుకని ఎప్పటికీ నింపే పెడ్తవ్."

"నింపితే ఏమైతదే? టోపి లేంది పేలది. మీద గా చిన్న రాగి టోపి ఉంటెనే నిప్పు లోపటికి పోతది. లేకుంటే గది వట్టి రోకలి బండ."

"రోకలి బండను ఎవ్వలూ తాళమేసి దాయరు."

"నీతోని పెట్టుకుంటే పొద్దు గూకుతది."

"దూలానికి కట్టిన్నాడు సూత గట్లనే అన్నవ్, వానికి అందదని. బుట్ట బోర్లేసి ఎక్కిండు. గుమ్మిల వడ్లల్ల దాస్తివి, చెయ్యి పెట్టి తుపాకి మడిమె పట్టి గుంజిండు. నిన్న జొన్నసొప్ప భుజాన పెట్టి నాకే గురి చూసి ‘ఢాం’ అన్నడు. నేను నవ్విన. ఎందుకు నవ్విన్నో."

"గా సొప్పకే గింత భయమా?"

"మొన్న నువ్వు సందుగ తీస్తుంటే పక్కనే కూసున్నడు. తాళంచెవి ఎటు తిప్పాలెనో నాకు చేతితోని తిప్పి చూపెట్టిండు. నువ్వు మురిసినవ్. నా కొడుకు హుషార్ అన్నవ్."

"హుషారే మల్ల. జర ఫికర్ చెయ్యకే. కొడవలి తెగి నా బొటనేలుకు కట్టు కట్టుకున్న కాడికెల్లి, రాత్రి పెట్టిన తుపాకి టోపి తీసేది నువ్వే. పొద్దుగాల సూత నువ్వే తీస్తివి."

"నేనా? గియ్యాల నేనెప్పుడు తీసిన?"

"ఎద్దులకు నీళ్లు పెట్టుకుంట వాకిట్లకెల్లి అడగలేదా? ‘టోపి తీసినవా’ అంటే ‘తీసిన’ అంటివి. గా మాట విన్నంకనే నేను లోపటికొచ్చి తాళమేసిన."

"గప్పుడా అడిగినవ్?"

"అనసూర్యా. తీసినవా, తియ్యలేదా?"

"తీసిన."

"బతికించినవ్."

"మొగిలిగాని టోపి తీసిన."

"ఏంది?"

"పడిశం పట్టిందని ఉన్ని టోపి పెట్టిన కద. ఎండ పొడిచింది, నెత్తంత చెమట. నువ్వు కేకేసినప్పుడు గదే తీస్తున్న. గదే అడిగినవనుకున్న."

"తుపాకిది..."

"తుపాకి దిక్కు పోనేలే నేను."

"కాకా! ముత్తయ్య కాకా! పడవ తిప్పు!"

"యాడ తిప్పుదు? నడిమిట్లున్నం. గడ లోతు అందుతలేదు. గింతమందిని పెట్టుకొని అడ్డం తిప్పితే అందరం మునుగుతం. అద్దరి చేరినంకనే మల్ల ఇటు."

"నీ కాల్మొక్కుత కాకా, నా కొడుకు..."

"నేనేం జెయ్యాలె బిడ్డా? గాలి సూత ఎదురే ఉన్నది."

"గగో, మా ఇల్లు కనవడ్తనే ఉన్నది. పొయ్యి పొగ లేస్తున్నది. ఓ అత్తా! ఓ అత్తా!"

"అరవకే. గీడికెల్లి ఏం వినవడ్తది."

"కండ్లకు ఆనుతున్నది, కాళ్లకు అందుతలేదు. నేనేం జేతు?"

"ఏడ్వకు. చూడు, గిటు చూడు. టోపి ఉంటే ఉండనీ. సందుగకు తాళమున్నది కద."

"తాళంచెవి ఏది? చూపెట్టు."

"నా దగ్గర లేదు."

"ఎవ్వలికిచ్చినవ్?"

"ఎవ్వలికియ్యలే. మనం లేనప్పుడు దొంగలొస్తే తమ్ముడు రాయమల్లు బాయికాడికెల్లి ఉరికొస్తడు. వానికొక్కనికే జాగ చెప్పిన."

"ఏ జాగ?"

"దేవుని గూట్లె, పటం ఎనుక. గాడ చెయ్యి పెడితే కండ్లు పోతయని మొగిలిగానికి భయం. అవ్వ తప్ప గా గూడును ఎవ్వలు ముట్టరు."

"అత్త తప్ప."

"ఏమైందే? గట్ల చూస్తవేంది?"

"వాడు నిద్రల ఉలికిపడి ఏడుస్తుండె కద."

"గందుకే కద నర్సింహసామికి మొక్కు పట్టుకపోతున్నం."

"వానికి గాలి సోకింది, మొలతాడుకు ఇనుము కట్టాలె అని అత్త అంటనే ఉన్నది. పొద్దుగాల మనం ఎల్లే ముంగట కట్టింది. దేవుని గూట్లె దొరికింది, గీ ఇనుముకు మహిమ ఎక్కువ అన్నది."

"ఏం ఇనుము? అనసూర్యా, ఏం ఇనుము?"

"అంగి కింద ఉండె, నేను సక్కగ చూడలే. ‘అవ్వా, గిది బాపుది’ అని వాడు ఒక్కటే మురుస్తుండె. ఉరుకుతుంటే జారిపోతదని నేనే ఇంకో ముడి ఏసి వచ్చిన."