బాయి సద్ది

కొత్తగూడెం దవాఖానాలో, కాలి వేలు తీసేసిన మొగుడి మంచం పక్కన కూర్చున్న ఆమె ఇక ఉండబట్టలేకపోయింది.

“బాయిల బొగ్గెత్తినన్నాళ్లు నీకు షుగరు లేకుండె.”

“అవ్. పైన కుర్చీ పని ఇచ్చినంకనే వచ్చింది.”

“దిగొద్దని ఏడ్చి, సాబుల కాళ్లు పట్టి ఆ పని ఇప్పిచ్చింది నేనే.”

“నా పానం కోసమే కదనే.”

“పని మారింది గని, నేను సద్ది మార్చలే. గదే గిన్నెల గంతే అన్నం కట్టిన. డాక్టరేమో తక్కువ తినాలె, నడవాలె అంటుండు. కూసున్నోనికి గంత అన్నం ఎట్ల పట్టింది?”

“పట్టకపోయేది.”

“మరి మిగిల్చుకొని రాకపోతివి?”

“బాయిల దిగే రోజుల్ల సద్ది మిగిలితే చాలు, నాకేమైందోనని ఏడ్చేదానివి. అందుకే పైకొచ్చినంక గూడ ఊడ్చి తినేది.”

“ఇగ మిగుల్చు. నేనేడ్వ,” అంటూనే ఆమె కొంగు కళ్లకు అద్దుకుంది.