చెట్టుకు కప్పిన దుప్పటి

లూసియానాలో నీళ్లు గడ్డకట్టే చలి, మంచువాన తప్పవని టీవీలో చెప్పిన రాత్రి గడిచింది. తెల్లారి, చలికి చావకుండా పెరట్లోని నారింజ చెట్లకు కప్పిన దుప్పట్లు తీస్తున్న ఒకతణ్ణి, కంచె అవతలి నుంచి పక్కింటి ముసలామె పలకరించింది.

“చెట్లు బతికాయా, బాబూ?”

“బతికాయి పెద్దమ్మా. మీ హీటరు బాగైందా?”

“ఎక్కడ! కోటు తొడుక్కుని రాత్రంతా పొయ్యి దగ్గరే కూర్చున్నా.”

చేతిలోని దుప్పటి ఎక్కడ దాచుకోవాలో అతనికి తోచలేదు.

“నిన్న మీరొచ్చి అడిగితే... ఇంట్లో ఒక్క దుప్పటీ లేదన్నాను.”

“నిజమే చెప్పావుగా. అన్నీ పెరట్లోనే ఉన్నాయి.”

“పెద్దమ్మా...”

“రాత్రి గాలికి ఒకటి ఎగిరొచ్చి మా గుమ్మంలో పడింది.”

“అయ్యో, కప్పుకోవాల్సింది!”

“చూస్తే నీ చిన్న చెట్టు వణుకుతోంది. తెచ్చి దానికే కప్పాను. నాకు కోటన్నా ఉంది, దానికేముంది?”