రెండు పట్టీలు

"ఆ కెమెరా బరువుకి ఏదో ఒక రోజు నీ మెడ పట్టేస్తుందే తల్లీ."

పెళ్లిళ్లకి ఫోటోలు తీసే కూతురు మంచం అంచున కూర్చుని ఉంది. తల్లి రెండు కొత్త కెమెరా పట్టీలు తెచ్చి దుప్పటి మీద పరిచింది.

"ఇప్పుడెందుకమ్మా ఇవి?"

"ఎందుకేమిటి? ఆ పాత పట్టీ నీ మెడ మీద వాత పెట్టింది. ఇది వెడల్పుది, లోపల స్పాంజి ఉంది. అది రెండు భుజాలకీ తగిలించుకునేది, బడిపిల్లల సంచీలాగా."

"చూసినవాళ్లు నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు మంచాన పడితే వాళ్లొచ్చి చూస్తారా? ఆదివారం పెళ్లికి ఏది వేసుకుంటావో చెప్పు."

"ఏదో ఒకటి."

"మీ నాన్న సంబంధం వచ్చినప్పుడు నేనూ అలాగే అన్నాను. అనుభవించాను. కుడిచేత్తో తడిమి చూడు, ఏది మెత్తగా ఉందో."

కూతురు ఒకటి తడిమింది, రెండోది తడిమింది, మళ్లీ మొదటిదే తడిమింది. వంటింట్లో పాలు పొంగి మాడిన వాసన వచ్చినా తల్లి లేవలేదు, ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"రెండూ ఒకేలా ఉన్నాయమ్మా," అంది కూతురు. "నెల్లాళ్లుగా ఈ వేళ్లకి స్పర్శ లేదు. ఇక రాదన్నాడు డాక్టరు. బటన్ నొక్కానో లేదో కూడా తెలియట్లేదు."