కోటు గుండీ మీద పైక్ చేప

సవో సీమవాడు నోరు తెరిస్తే పూచీ వినేవాడిదే అని మా వైపు ఒక మాటుంది. ఎవరు పుట్టించారో గాని, ఓయివాని చూసే పుట్టించి ఉంటారు. నలభై ఏళ్ళు ఊళ్ళో ఉత్తరాలు పంచాడు. పంచిన ఉత్తరాల కన్నా కోసిన కోతలే ఎక్కువ. ఐస్ రింకు కాంటీన్లో కిటికీ పక్క బల్ల వాడిది, ఎదురు కుర్చీ నాది. నా పేరు ఎస్కో. ముప్ఫై ఏళ్ళు ఈ రింకులోనే మంచు నునుపు చేసే బండి నడిపాను. రిటైరయ్యాక కూడా కాళ్ళు ఇటే లాక్కొస్తాయి. కాంటీన్ నడిపే హెల్వీ మా ఇద్దరినీ కుర్చీల్లో భాగమే అనుకుంటుంది.

గురువారాలు మాత్రం ఓయివా కోతలు కోయడు. రోడ్డు అవతల ముసలివాళ్ళ హోమ్‌లో వాళ్ళన్న తౌనో ఉంటాడు. మతిమరుపు జబ్బు. రెండేళ్ళయింది అక్కడ చేర్చి. గురువారం పొద్దున అన్నని చూసొచ్చి, మాట్లాడకుండా ఒక కాఫీ తాగి, ఇంటికి పోతాడు. అలాంటిది ఆ గురువారం తలుపు తోసుకుని వస్తూనే టోపీ తీసి బల్ల మీద కొట్టాడు.

“హెల్వీ! కాఫీ పొయ్యమ్మా, యాలకుల బన్ను కూడా పెట్టు. ఒరేయ్ ఎస్కో, జరుగు. ఇవాళ నా చదువు సంగతి చెప్తాను. ఈ లోగోలూ గీగోలూ అంటారే, దానికోసం కుర్రకారు కాలేజీలకి పోతున్నారు. నాకు తొమ్మిదో ఏట, ఒక్క చలికాలంలో వచ్చేసింది ఆ విద్య. గొప్పలు చెప్పుకోవట్లేదురా. ఒక్క చేపని గీయడం నేర్చుకున్నాను, అంతే.”

“చిన్నగా మొదలెట్టాడు. గట్టిగా పట్టుకుని కూర్చో ఎస్కో,” అంది హెల్వీ.

“నువ్వుండమ్మా. అప్పట్లో మా నాన్న చలికాలమంతా అడవిలో, కలప నరికే క్యాంపులో ఉండేవాడు. ఇంట్లో అమ్మా, అన్నా, నేనూ. మంచు కిటికీ సగం దాకా వచ్చేది. బయట ఆడుకుందామంటే ఇద్దరికీ కలిపి ఒకటే జత స్కేట్లు. అప్పుడు మా అన్న ఏం చేశాడో తెలుసా? పన్నెండేళ్ళవాడు, వంటింటి బల్ల మీద ఏకంగా ఒక ఐస్ హాకీ లీగే పెట్టేశాడు! ఎనిమిది ఊళ్ళు, ఎనిమిది జట్లు. అందులో ఒక్క ఊరు కూడా భూమ్మీద లేదు, అన్నీ మా అన్న బుర్రలో కట్టినవే. అమ్మ కోటు గుండీలే ఆటగాళ్ళు, ఎండు బఠాణీ గింజే హాకీ బిళ్ళ. ప్రతి గుండీ మీదా ఆ జట్టు బొమ్మ గీసిన కాగితం అంటించాలి. ఏడు జట్లు అన్నవే. ఎనిమిదోది నాది, హల్లాపెరా. కానీ షరతు పెట్టాడు మహానుభావుడు. బొమ్మ తనకి నచ్చేదాకా నా జట్టు లీగులో అడుగు పెట్టకూడదట.”

“మరి గీశావా?” అన్నాను.

“గీయక? మూడు రోజులు కూర్చుని మా సరస్సులో దొరికే పైక్ చేపని గీశాను. పొలుసులన్నీ పెట్టాను, పళ్ళన్నీ పెట్టాను. నోట్లో హాకీ కర్ర. కింద రెండు గొడ్డళ్ళు. వెనకాల చర్చి, చర్చి మీద కోడిపుంజు. అన్న అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ‘ఇది జట్టు బొమ్మ కాదురా, ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళ బండి’ అన్నాడు. అని ఊరుకున్నాడా? పట్టుకెళ్ళి పొయ్యి పక్కన గోడకి ఆనించి, అమ్మని గుమ్మంలో నిలబెట్టి, కళ్ళు సగం మూసి చూడమన్నాడు. ఏంటమ్మా అది అంటే అమ్మ చాలాసేపు చూసి, ‘పళ్ళున్న బూటు’ అంది.”

హెల్వీ కాఫీ ఒలికేలా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను.

“నవ్వండి, నవ్వండి. చదువు అక్కడే మొదలైంది. దూరం నుంచి చూసినా అదేమిటో తెలియాలి, అది మొదటి పాఠం. తర్వాత నా రంగులన్నీ లాక్కుని పొయ్యి మసి చేతిలో పెట్టాడు. నలుపు ఒక్కదానితో నిలబడని బొమ్మ ఏడు రంగులు పూసినా నిలబడదన్నాడు. ఆ తర్వాత గుండీ. ఎంత గొప్ప బొమ్మైనా గుండీ మీద పట్టాలి కదా? గొడ్డళ్ళు పోయాయి. చర్చి పోయింది, దానితోపాటు కోడీ పోయింది. ఒక్కో పొలుసూ తీసేస్తుంటే నాకు ఏడుపే ఏడుపు. ‘ఏడవకురా, తీసేశాక కూడా అది పైకేనా కాదా చూడు’ అనేవాడు. చివరికి మిగిలినవి మూడే. వీపుకో గీత, దవడకో గీత, కన్నుకో చుక్క. అయినా అది పైకే! కరిచేలా ఉంది.”

“అయితే పాసయ్యావన్నమాట.”

ఓయివా కప్పులోకి చూశాడు. “ఇంకో పరీక్ష ఉందిలే. దాని సంగతి తర్వాత. ముందు ఆ చేప చేసిన పనులు వినండి. గుండీకి అంటించి పడుకున్నానా, తెల్లారి లేచి చూస్తే మా పిల్లి ఆ గుండీని ముందు పెట్టుకుని ముళ్ళు ఏరుకుంటోంది.”

“గుండీకి ముళ్ళేంటిరా?”

“నేనూ దాన్ని అదే అడిగాను. నోటి నిండా ఉంది, జవాబివ్వలేదు. ఆ ఆదివారం అమ్మ తెలియక ఆ గుండీనే కోటుకి కుట్టుకుని చర్చికి వెళ్ళింది. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగిపోయి, ఏ రేవులో పడుతున్నాయమ్మా అని అడిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు ధైర్యం పెరిగి, సరస్సు గడ్డకట్టింది కదా, దాని మీద మసితో అదే బొమ్మ ఇంటంత వేశాను. తెల్లారేసరికి సరస్సులో ఉన్న పైక్ చేపలన్నీ మంచు కింద బారులు తీరి, తలలన్నీ నా బొమ్మవైపు పెట్టుకుని నిలబడ్డాయి. మూడు కిలోమీటర్ల బారు! ఊళ్ళోవాళ్ళు గాలాలు పారేసి బకెట్లు తెచ్చుకున్నారు. ముందుకు తోసుకొస్తున్న చిన్న చేపల్ని ఒక ముసలి చేప కసురుతోంది, వరసలో రండర్రా అని.”

“మంచు కింద చేప కసిరితే నీకు వినపడిందా?”

“వినపడలేదు. పెదాల కదలికని బట్టి తెలుసుకున్నాను.”

అప్పుడే తలుపు తెరుచుకుని సైమి వచ్చింది. హోమ్‌లో నర్సు. పొద్దుటి షిఫ్టు దిగాక ఇక్కడ ఒక కాఫీ తాగి బస్సెక్కుతుంది. ఓయివా ఆమెని చూశాడు. చూసి గొంతు ఇంకాస్త పెంచాడు.

“పేపర్లో పడిపోయింది నా బొమ్మ! హల్లాపెరా ఆటకి టిక్కెట్లెక్కడ దొరుకుతాయని సంచులకి సంచులు ఉత్తరాలు. నేను పోస్ట్‌మ్యాన్ అయిందే అందుకు, వాటిని మోసేవాడు ఇంకెవడూ దొరక్క. రైల్వేవాళ్ళకి ఇక తప్పలేదు, హల్లాపెరాకి రైలు వేశారు. ఊరుంటేగా? బంగాళాదుంపల పొలం మధ్యలో ఆపారు. నాలుగొందల మంది చేప జెండాలు పట్టుకుని దిగారు. దిగినవాళ్ళు సిగ్గుపడి వెనక్కి పోయే రకమా మనవాళ్ళు? ముందు ఆవిరిస్నానానికి సౌనా కట్టుకున్నారు. తర్వాత రింకు కట్టారు. మిగిలిన చెక్కతో ఇళ్ళు కట్టారు.”

“ఏదీ, ఆ ఊరిని మ్యాపులో చూపించు.”

“మడతలో పడిందిరా. ఏ మ్యాపు తీసినా సరిగ్గా అక్కడే మడత. నేను రాసి పంపాను కూడా, వాళ్ళు మార్చరు. సరే, ఆ ఊరి జట్టు స్వీడన్ వాళ్ళతో ఆడింది. మనవాళ్ళ చొక్కాల మీద చేపని చూడగానే స్వీడన్ గోల్‌కీపరు గోలు వదిలేసి పోయి గాలం తెచ్చుకున్నాడు. పద్నాలుగు సున్నా!”

“మొన్న పన్నెండన్నావు,” అంది హెల్వీ.

“రెండు గోల్స్ మీద అప్పీలుకి వెళ్ళాం. మొన్ననే తీర్పొచ్చింది.”

కడుపు పట్టుకుని నవ్వాను. ఆ ఊపులోనే, “మరి ఆ ఆఖరి పరీక్ష ఏమైందిరా?” అని అడిగేశాను. అడక్కపోతే బావుండేది.

ఓయివా బన్ను పక్కకి జరిపాడు. “ఆఖరిది జ్ఞాపకం పరీక్ష. బొమ్మని ఒక్కసారి చూపించి దాచెయ్యాలి. మర్నాడు ఎదుటివాడు చూడకుండా దాన్ని గీయాలి. గీస్తే అది మంచి బొమ్మ, గీయలేకపోతే కాగితం దండగ. పరీక్ష పెట్టేది మా అన్నే. రోజూ చూపించేవాణ్ణి. మర్నాడు పెన్సిలు చేతికిస్తే తల గోక్కుని, ‘జ్ఞాపకం లేదురా’ అనేవాడు. అలా వసంతం వచ్చేసింది. అమ్మ గుండీలన్నీ లాక్కుని కోట్లకి కుట్టేసుకుంది. లీగు మూతపడింది. హల్లాపెరా ఒక్క ఆటా ఆడలేదు.”

ఇప్పుడే కదా స్వీడన్‌ని ఓడించావు అని మేమెవరమూ అడగలేదు.

ఆ ‘జ్ఞాపకం లేదురా’ ఊరందరికీ తెలిసిందే. తౌనో పెద్దయ్యాక బోర్డులు రాసే పనిలో దిగాడు. మా ఊరి జట్టు చొక్కాల మీద ఉన్న నీటిపిట్ట తౌనో వేసిందే. ఏటా మంచు పోసేముందు రింకు నేల మీద ఆ పిట్టని నేను నమూనా చూడకుండా వేసేవాణ్ణి, ఒక్క గీత తప్పేది కాదు. అలాంటి పనివాడి ముందు ఓయివా తన పెళ్ళిరోజున కూడా రుమాలు మీద పైక్ చేపని గీసి చూపించాడు. తౌనో మర్నాడు పెన్సిలు పట్టుకుని, పెద్ద ఆలోచన నటించి, జ్ఞాపకం లేదురా అన్నాడు. మేమంతా విరగబడి నవ్వాం. పుట్టినరోజులకీ అదే, మిడ్‌సమ్మర్ పండక్కీ అదే. అరవై ఎనిమిదేళ్ళు అన్నదమ్ములిద్దరూ ఆ ఒక్క హాస్యం ఆడుకున్నారు. ఇప్పుడు తౌనో ఆ మాట అందరితోనూ అంటున్నాడు. పేరడిగినా అదే అంటాడు.

ఓయివా చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. హోమ్ వాళ్ళ భోజనాల పట్టిక. వెనక్కి తిప్పి బల్ల మీద పరిచాడు. పెన్సిలు గీతలు. వీపు, దవడ, కన్ను. వణికిపోయి ఉన్నాయి గాని, పైకే.

“ఇవాళ పొద్దున,” అన్నాడు. “మా అన్న గీశాడు. నేను చూపించలేదు. ఒట్టు. ఊరికే పెన్సిలు చేతికిచ్చాను. తన పేరు జ్ఞాపకం లేదు. వదిన పోయిన సంగతి జ్ఞాపకం లేదు. నా చేప జ్ఞాపకం ఉంది! చూశారా, ఎలాంటి బొమ్మో అది? సోమవారం డాక్టరుతో మీటింగుంది. ఈ కాగితం తీసి బల్ల మీద పెడతాను. ఇది గీసిన మనిషికి తాళం వేసిన తలుపులెందుకయ్యా అని అడుగుతాను. ఇంటికి తీసుకెళ్ళిపోతాను. నా గదిలోనే రెండో మంచం వేసేశాను కూడా. కొత్త దుప్పటి కొన్నాను.”

చేపల బారుని నమ్మలేదు, రైలుని నమ్మలేదు. దీన్ని మాత్రం నమ్మాలని ఎంత అనిపించిందో చెప్పలేను. హెల్వీ చేతిలో గుడ్డ పట్టుకుని బల్ల తుడవడం మర్చిపోయి నిలబడింది.

సైమి కప్పు కింద పెట్టింది. వచ్చి ఓయివా పక్కన కూర్చుంది.

“బాబాయ్, ఆ కాగితం సోమవారం తేవద్దు.”

“ఎందుకు తేకూడదు?”

“పెద్దాయన మేజోళ్ళతో సరస్సు మంచు మీదకి వెళ్ళిపోయింది నీ ఇంట్లోంచే కదా? ఎక్కడిదాకా వెళ్ళాడో, నువ్వెలా మోసుకొచ్చావో మాకు నువ్వే చెప్పావు. అది కోత కాదు. మళ్ళీ అలా జరిగితే నువ్వు బతకవు.” కాగితం మీద వేలు పెట్టింది. “పొద్దున మందుల బండి పట్టుకుని నేను గుమ్మంలోనే ఉన్నాను బాబాయ్. పెన్సిలు పెద్దాయన చేతిలోనే ఉంది. పెద్దాయన చెయ్యి నీ చేతిలో ఉంది.”

లోపల రింకులో మంచు బండి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిల్లి ముళ్ళకీ మ్యాపు మడతకీ జవాబు చెప్పినవాడు కాగితాన్ని మడతల వెంటే మళ్ళీ మడిచాడు. నా జన్మలో మొదటిసారి వాడి మొహం చూడలేక కిటికీవైపు తిరిగాను.

“తర్వాత అన్న అన్న మాట కూడా విన్నావా?” అని అడిగాడు సైమిని.

“విన్నాను.”

“అయితే నువ్వే చెప్పు వీళ్ళకి. నేను చెబితే నమ్మరు.”

సైమి మావైపు తిరిగింది. “పెద్దాయన కాగితం ఎత్తి దూరంగా పట్టుకున్నాడు. కళ్ళు సగం మూసి చాలాసేపు చూశాడు. ‘బాగుందండీ, ఎవరు వేశారిది?’ అని బాబాయిని అడిగాడు.”

“అండీ అన్నాడు నన్ను,” అన్నాడు ఓయివా. కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు. “ఆ ‘బాగుంది’ కోసం అరవై ఎనిమిదేళ్ళు వెంటపడ్డాను. ఇవాళ వచ్చింది. ఎవరో పరాయివాడికి చెప్పినట్టు చెప్పాడ్రా.”

“నువ్వేమన్నావు?” అన్నాను.

“మా అన్న వేశాడండీ అన్నాను.”