ఫింటన్ గోడ మీద ఒక మేకు

కిల్‌బ్రానక్ మైదానంలో కంచెలు దూకే గుర్రప్పందెం గెలిచినవాళ్ళ ఫొటోలన్నీ ఫింటన్ పబ్బులో, పొయ్యి పక్క గోడ మీద వేలాడుతుంటాయి. గెలవనివాళ్ళు ఆ గోడకి ఎదురుగా కూర్చుని తాగుతుంటారు. మోసీ టారంట్ ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది.

మొన్న గోడకి రంగు వేయించి ఫొటోలు మళ్ళీ సర్దితే ఒక మేకు మిగిలింది. మేకు ఇవ్వడానికి ఫింటన్ తాత పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది. కావాలన్నవాడు తన గెలుపు కథ నలుగురి ముందూ మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. ఆ రోజు అక్కడుండి కళ్ళారా చూసినవాళ్ళెవరూ కాదనకపోతే మేకు అతనిది. చూడనివాళ్ళు ఎన్ని సందేహాలైనా పడొచ్చు, అవి లెక్కలోకి రావు.

పోయిన ఆదివారం గెలిచిన ఓర్లా ఫొటో అప్పటికే బల్ల మీద సిద్ధంగా ఉంది. ఆ పిల్ల వేరే ఊళ్ళో పందేనికి పోతూ ఫొటో తగిలించే పని మేనమామ డోనల్‌కి అప్పజెప్పింది. డోనల్ సుత్తి పట్టుకుని వచ్చేసరికి మోసీ మేకు కింద నిలబడి ఉన్నాడు, కోటు జేబులో తన పడుచునాటి ఫొటోతో సహా. డెబ్బై దాటాయి. ఈ మేకు పోతే ఇంకో మేకు ఖాళీ అయ్యేదాకా ఉంటాడో ఉండడో.

మంచి రోజే చూసుకున్నాడు. ఆనాటి పందెం చూసినవాళ్ళలో చాలామంది చర్చి వెనక సమాధుల్లో పడుకున్నారు. మిగిలిన ఒక్కగానొక్క మనిషి, అంటే ఆయన భార్య నోరీన్, పొద్దున్నే వాళ్ళక్కను చూడ్డానికి లిమరిక్ బస్సుకి బయల్దేరింది. బయట వాన దంచుతోంది. పబ్బు మూల, ఆడవాళ్ళు విడిగా కూర్చునే చిన్న చెక్కగదిలో ఎవరో టీ తాగుతున్నట్టున్నారు, కప్పు చప్పుడవుతోంది. మోసీ అటు చూడలేదు.

"నేను గొప్పవాణ్ణని ఎప్పుడైనా అన్నానా?" అని మొదలుపెట్టాడు. "నా ఉద్యోగం గుర్రమెక్కడమని జనం అనుకుంటారు గానీ, నాకు జీతమిచ్చింది పడ్డానికి. మళ్ళీ పడాలంటే మళ్ళీ ఎక్కాలి కదా, అందుకని మధ్యమధ్యలో ఎక్కేవాణ్ణి. నా భుజం ఎముక ఎన్నిసార్లు విరిగిందంటే, ఇక కట్టు కట్టి లాభం లేదు, గొళ్ళెం పెట్టేస్తాను, నువ్వే వేసుకుంటూ తీసుకుంటూ ఉండమన్నాడు డాక్టరు. ఆ రోజు ఏదో గెలిచాను, అంతే. అదీ నా గొప్ప కాదు, గుర్రం గొప్ప."

ఆ గుర్రం పేరు బిషప్ కోపం. పేరు పెట్టకముందు దీవించడానికి వచ్చిన బిషప్‌గారి టోపీ తినేసిందట. దాని మీద కూర్చోవడానికి బరువు తగ్గాలని మోసీ వారం రోజులు పందిమాంసం వేగుతున్న వాసన మాత్రమే తిన్నాడట. అదీ ఒక పూటే.

"మొదటి కంచె మామూలుగానే దూకాం. రెండో కంచె దగ్గరికొచ్చేసరికి జీను బిగించిన తోలుపట్టీ తెగింది. జీను జారి గుంటలో పడింది. మరొకడైతే దాంతోపాటే పడేవాడు. నేను జూలు పట్టుకుని ఉత్త వీపు మీద కూర్చున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్తే తెలుస్తుంది," అన్నాడు డోనల్, సుత్తి ఒళ్ళో పెట్టుకుని.

జీను బరువు పోయేసరికి గుర్రానికి ఉత్సాహం వచ్చిందట. మూడో కంచె దగ్గర ఎగిరిందట, ఎగరడమంటే మామూలుగా కాదు, మూడూ నాలుగూ అయిదూ ఒకే దూకులో. పైనుంచి చూస్తే ఫాదరుగారి వంటింట్లో పొయ్యి మీద ఏముందో కనపడిందట. క్యాబేజీ. వారం రోజులు పస్తున్నవాడి కంటికి క్యాబేజీ కనపడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి, అని ఆగాడు మోసీ. గాలిలో అంతసేపు ఏంచేశావని ఫింటన్ అడిగితే, సగం జపమాల తిప్పాననీ, మిగతా సగం తిప్పేలోపు నేల తగిలిందనీ అన్నాడు.

ఫింటన్ నవ్వు ఆపుకుంటూ చెక్కగది కిటికీలోంచి ఇంకో టీ లోపలికి అందించి వచ్చాడు.

మోసీకి ఊపొచ్చింది. గోడ మీది ఫొటోలన్నీ తనవైపే చూస్తున్నట్టనిపించింది. పొగమంచు దిగిందన్నాడు. పడిపోయిన తోటివాళ్ళను జాలిపడి ఒక్కొక్కర్నీ చెయ్యందించి వెనక ఎక్కించుకున్నానన్నాడు. చివరికి ఆ గుర్రం పెళ్ళివారి బండిలా అయిందన్నాడు.

"ఆఖరి కంచె దగ్గరికొచ్చేసరికి పాపం దానికి ఆయాసం. ఎంతైనా ఆడకూతురు. అందర్నీ దింపేశాను, నేనూ దిగాను, దాన్ని భుజానేసుకుని కంచె దాటించాను. మళ్ళీ ఎక్కాను. ఎక్కకుండా గెలిస్తే ఒప్పుకోరు కదా."

"గొళ్ళెం పెట్టిన భుజమేనా?" అన్నాడు ఫింటన్.

"రెండోది."

డోనల్ ఇక ఉండబట్టలేకపోయాడు. "అంతా బాగుంది గానీ ఒరే మోసీ, పందేనికి ముందు ఎక్కేవాణ్ణి జీనుతో సహా తూచి పంపిస్తారు, అయ్యాక మళ్ళీ తూస్తారు. ఎంతతో వెళ్ళావో అంతతో రావాలి. జీను గుంటలో పడిందంటివి. తక్కువ తూగితే గెలుపు రద్దే కదరా."

మోసీ ఈ ప్రశ్న కోసమే ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నవాడిలా చిరునవ్వు నవ్వాడు. "బురద," అన్నాడు. "కిల్‌బ్రానక్ బురద. తల నుంచి కాలిదాకా. తూచేవాడు ముల్లు చూసి నోరు తెరిచాడు. సరిగ్గా జీనంత బరువు. ఒక చెంప మీది బురద గీకితే తక్కువయ్యేది."

డోనల్ సుత్తి కింద పెట్టేశాడు. అతను ఆ రోజు అక్కడ లేడు. ఫింటన్ అప్పటికింకా పుట్టలేదు. మోసీ జేబులోంచి ఫొటో తీసి మోచేత్తో తుడిచాడు. అక్కడితో ఆపి ఉంటే ఇవాళ ఆ గోడ మీద ఉండేవాడు. కానీ నోరు ఒకసారి పరుగందుకున్నాక కళ్ళెం ఎవడు లాగుతాడు?

"అసలు చెప్పడం మర్చిపోయాను. మా వెనకాలే పక్కదారిలో అంబులెన్సు పరిగెత్తుకుంటూ వస్తుంది కదా, మాలాంటి పడేవాళ్ళని ఏరుకోవడానికి? ఆ రోజు అదికూడా నన్ను అందుకోలేకపోయింది. మూడో కంచె దగ్గరే పొగ కక్కి ఆగిపోయింది. నడిపే మనిషికి చేతకాక, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చిందని చెప్పుకున్నారు."

చెక్కగదిలో కప్పు చప్పుడు ఆగింది. చిన్న కిటికీ తలుపు పక్కకి జరిగింది.

"ఏమయ్యా," అంది నోరీన్, "నా బండి ఎప్పుడు ఆగిందీ?"

లిమరిక్ బస్సు వానకి రాలేదట. మోసీ ఫొటోని మెల్లగా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రెండో కంచె పక్క గుంటలో జీనొక్కటే పడిందా?" అందావిడ. "మరి ఆ జీనుని కావలించుకుని పడుకున్న మనిషిని స్ట్రెచరు మీదికెత్తి నా బండిలో వేసుకెళ్ళాను, అతనెవరు? గుర్రం వెళ్ళింది, నిజమే. ముందుగానే వెళ్ళింది. మీద ఎవరూ లేకపోతే ఏ గుర్రమైనా ముందే వెళ్తుంది."

"మరి ఆ రోజు నేను గెలిచానని నువ్వే కదా అన్నావు," అన్నాడు మోసీ, చాలా చిన్న గొంతుతో.

"దారి పొడుగునా గెలిచానా, గెలిచానా అని ఒకటే పాట. గెలిచావన్నాను. తలకి దెబ్బ తగిలినవాడితో వాదించకూడదని మాకు నేర్పారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పాటిస్తున్నాను. కానీ నా బండినంటే మాత్రం ఊరుకోను."

డోనల్ లేచి ఓర్లా ఫొటో మేకుకి తగిలించాడు. వంకరగా ఉందని మోసీయే వెళ్ళి సరిచేశాడు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు, "గెలిచినవాడైతేనే పెళ్ళాడతానని అనుకున్నావా అప్పుడు?"

"గెలిచినవాళ్ళెవరూ నా బండెక్కలేదు మోసీ," అంది నోరీన్. "రా, టీ చల్లారిపోతోంది."

మోసీ రెండడుగులు అటు వేశాడు. ఆగాడు. వీపు మెల్లగా నిటారయింది. డోనల్ వైపు తిరిగాడు.

"విన్నావు కదా," అన్నాడు. "ఆ బండి ఎక్కాలంటే ఒకటే దారి. గుర్రం బాణంలా పోతోంది, పక్కన ఆవిడ బండి వస్తోంది, మధ్యలో గుంట. గురి చూశాను. అందరూ పడ్డాననుకుంటారు గానీ, నేను పడలేదురా. దిగాను."

కిటికీ తలుపు టక్కున మూసుకుంది. లోపల్నుంచి నోరీన్ నవ్వు వినపడుతూనే ఉంది.