యంత్రాన్ని తిట్టే చనువు

పందొమ్మిది వందల తొంభై రెండు, జూలై ఒకటో తేదీన మా పరిశోధన సంస్థలో సహాయ పరిశోధకురాలిగా బాధ్యతలు స్వీకరించి, మేమంతా చాటుగా 'ఉరుముగారు' అని పిలుచుకునేంతగా మా హృదయాలనూ కర్ణాలనూ ఆక్రమించిన మా విభాగాధిపతి నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన వ్యాసం రాయడానికి ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. తీరా కూర్చున్నాక ఏం రాయాలో పాలుపోవడం లేదు.

తొలినాళ్లలో వారు టైపు మిషన్లు వదిలి కంప్యూటర్లకు మారిన గుమాస్తాల తడబాట్లను అధ్యయనం చేశారు. విభాగాధిపతి అయ్యాక, మనిషికీ సమాచార యంత్రానికీ నడుమ సామరస్యం ఏ సమాజంలో ఎలా ఉంటుందో కొలిచే బృహత్కార్యాన్ని ఒక పరదేశ సంస్థతో కలిసి తలకెత్తుకున్నారు. కావాలనే మొరాయించేలా చేసిన కంప్యూటరు ముందు మనిషిని కూర్చోబెట్టి, దానితో ఏమంటాడో వినడం మా పద్ధతి. అక్కడివారు "దయచేసి" అని బతిమాలారు. మనవాళ్లు "నీ దుంపతెగ, ఇప్పుడే ఆగాలా?" అన్నారు. మనకు సామరస్యం బొత్తిగా లేదని అక్కడి పండితులు తేల్చారు.

ఉరుముగారు ఉరిమారు.

"తిట్టకుండా ఎవరితో ఉంటామండీ? పరాయివాళ్లతో! కావాలంటే మా ఆయన్ని అడగండి."

ఉరుముగారిని ఇంటికి తీసుకెళ్లడానికొచ్చిన భర్తగారు గుమ్మంలోనే ఉన్నారు. "నిజమేనండీ. ఈవిడ మర్యాదగా మాట్లాడిందంటే ఆ పూట నాకు ముద్ద దిగదు" అన్నారు.

మేం పడీపడీ నవ్వాం. వారు నవ్వలేదు. తిట్టును చనువుగా లెక్కించేదాకా ఉమ్మడి నివేదికపై సంతకం చేయనన్నారు. ఏళ్ల శ్రమ అటకెక్కింది. అది పరిశోధనో పంతమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

నిన్న వారు తమ గది సర్దుకుంటుండగా కంప్యూటరు ఆగిపోయింది. మేం అలవాటుగా చెవులు మూసుకున్నాం. వారు మాత్రం తెరవైపు చూసి, "దయచేసి కాస్త తెరుచుకోండి" అన్నారు. ఆపైన నేను తప్పులతడకగా తయారుచేసిన పట్టిక చూసి, "పర్లేదండీ, బాగానే ఉంది" అన్నారు.

వారి సిద్ధాంతం తప్పయితే ఇన్నేళ్ల కృషి ఏమైనట్టు? నిజమైతే మేం అప్పుడే పరాయివాళ్లం అయిపోయామా? ఏది కోరుకోవాలో తెలియక నిన్నటినుంచి సతమతమవుతున్నాను.

మాన్యురాలైన వారు కుటుంబసమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో, అదే కంఠంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. అమ్మా, ఈ వ్యాసం నిండా తప్పులే ఉంటాయి. చదివి, రేపే ఫోన్ చేసి, నన్ను ఎప్పటిలా చెడామడా తిట్టండి.