చెట్టు మీద చెయ్యి

వదినా అనకు. ఆ మాట నీ నోట్లోంచి వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆకులీనా అను, లేకపోతే ఏమీ అనకు. రెండేళ్ళనించి ఏమీ అనకుండానే తప్పించుకు తిరిగావుగా, ఇవాళేం కొత్తగా వదిన గుర్తొచ్చింది?

సరేలే, ఆ కొక్కెం అందుకో. అక్కడ కాదు గావ్రిల్, బంపరు కింద లావుపాటి ఇనప రింగు ఉంటుంది చూడు, దానికి తగిలించు. బంపరుకి వేస్తే బంపరు ఊడొస్తుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. ఇన్నేళ్ళు లారీ తోలి ఏం నేర్చుకున్నావయ్యా? మఖార్ నీకు ఇలాగే నేర్పాడా?

పేరెత్తగానే తల దించేశావు. దించుకో. కింద బురద బాగానే ఉంది, చూస్తూ కూర్చో.

ఇరుసులు మునిగాయి, ఇంకో పూట వదిలేస్తే తలుపులు కూడా మునుగుతాయి. ఎండ చూశావా ఎలా కాస్తోందో? నిన్నటిదాకా రాయిలా ఉన్న దారి ఇవాళ గంజిలా అయిపోయింది. ఈ ఎండకి అల్దాన్ నది మీద ఐసు ఎన్నాళ్ళుంటుంది? పొద్దు వాలేసరికి ఐసు మీదికి బండ్లు దిగకుండా ఒడ్డున గేటు వేసేస్తామని పొద్దున్న రేడియోలో చెప్పారు. నువ్వూ విన్నావుగా, అందుకే ఇంత తొందరపడి ఈ గుంటలోకి దింపావు.

నేను నిన్ను దాటేశాను, తెలుసా? ఎడం పక్క నాచు కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంది, దాని మీంచి మెల్లిగా లాగించేశాను. ఎదరంతా గట్టి దారి. ఇంకో గంటలో నది దాటి అవతల ఉండేదాన్ని. ఇవాళ దాటకపోతే మళ్ళీ చలికాలం దాకా ఈ బండి ఇటే. వేసవంతా బురదలో కూరుకుపోయి, టైర్లు ఒకడు, బాటరీ ఇంకొకడు పట్టుకుపోతే ఆఖరికి నాకు మిగిలేది ఉత్త డొల్ల. మఖార్ పోతూ పెళ్ళానికి వదిలి వెళ్ళింది ఈ ఉరాల్ లారీ, దీని వెనకాల తాడు చుట్టి లాగే ఈ వించి, అంతే. ఇది పోతే నేను ఏం తినాలి, ఎక్కడ ఉండాలి?

అద్దంలో చూశాను. తలుపు మీద ఆ ఎర్ర చార చూడగానే నీ బండేనని పోల్చుకున్నాను. పోల్చుకుని కూడా కొంత దూరం పోయాను, అబద్ధం ఎందుకు. తర్వాత ఆపి వెనక్కి తీశాను.

నీకోసం అనుకోకు, ఆ భ్రమ వద్దు. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాక మనవాళ్ళ ఆనవాయితీ ప్రకారం నిప్పుకి రొట్టె ముక్క వెయ్యాలి నేను, దాని ఎదురుగా కూర్చోవాలి. దారిలో దిగబడ్డవాణ్ణి చూసి కూడా వదిలేసి వచ్చిన చేత్తో నిప్పుకి తిండి ఎలా పెట్టను? నువ్వు పెడుతున్నావేమో. నిన్ను అడగాలని ఎన్నిసార్లో అనిపించింది, ఇన్నాళ్ళూ ఏ మొహం పెట్టుకుని పెడుతున్నావని.

రా, చెట్ల దగ్గరికి రా. నా బండి ముందు భాగం చెట్లకి కట్టకపోతే నీ బండి కదలదు సరికదా, నాదే వెనక్కి జారి నీ మీదికి వస్తుంది. ఈ పట్టీ పట్టుకో. ఒక్కదానికి కాదు, మూడు చెట్లకీ కలిపి చుట్టు. ఈ లార్చి చెట్లు పైకి చూడ్డానికే ఇంతింత పొడుగు. కింద రెండు జానల లోతునించీ ఐసే, వేళ్ళు లోపలికి దిగవు, చాపలా పక్కలకి పాకుతాయి. మంచు కరిగే రోజుల్లో ఒక్క చెట్టుని నమ్ముకుని లాగితే వేళ్ళతో సహా లేచి మీద పడుతుంది.

నీకు తెలుసని నాకూ తెలుసు. అయినా చెప్తాను, వినాలి నువ్వు.

నీ కోటు విప్పి ఆ బురదనీళ్ళలో ముంచి తాడు మధ్యలో వెయ్యి. తాడు తెగితే కోటు బరువుకి కిందికే పడుతుంది, మనిషిని కొట్టదు. చలేస్తుందా? వెయ్యనీ.

బండెక్కకు, నువ్వు బండిలో అక్కర్లేదు. స్టీరింగ్‌ని తాడుతో కట్టెయ్యి, గాడిలో ఉంది కాబట్టి తిన్నగానే వస్తుంది. నువ్వు ఇక్కడ నిలబడు, ఈ మధ్య చెట్టు పక్కన. గ్లవ్వు తీసి ఉత్త అరచెయ్యి మాను మీద పెట్టు. వేరు తెగబోయే ముందు మాను లోపల్నించి వణుకుతుంది. కంటికి ఏమీ కనపడదు, అరచేతికే తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం అరువు, నేను వించి ఆపేస్తాను. నువ్వు అరవకపోతే చెట్టు నా కేబిన్ మీద పడుతుంది.

చూడు నా ఖర్మ. నా ప్రాణం తెచ్చి నీ చేతిలో పెడుతున్నాను.

నిలబడు మరి, లాగుతున్నాను.

...

ఆగు, ఆగు. కాస్త కదిలింది. ముందు చక్రాలు పైకి తేలాయి, చూశావా? ఇంజను కాస్త చల్లారనీ. చెయ్యి మాత్రం తియ్యకు. తాడు బిగిసే ఉంది.

ఈ పనికి ఇద్దరు కావాలి. మన దారిలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. వించి దగ్గర ఒకరు, చెట్టు మీద చెయ్యి వేసి ఒకరు. నువ్వు ఎన్నిసార్లు దిగబడ్డావో, ఎన్నిసార్లు మఖార్ నిన్ను పైకి లాగాడో లెక్కుందా? ఒకసారి నీ బూట్లు రెండూ బురద మింగేస్తే తన బూట్లు విప్పి నీకిచ్చి, మేజోళ్ళతో ఇంటికొచ్చాడు. కాళ్ళు నీలంగా అయిపోయాయి. నేను తిడుతూ వేడినీళ్ళు పెడుతుంటే నవ్వుతాడు. 'గావ్రిల్ కాళ్ళు చిన్నవి ఆకులీనా, నా బూట్లలో బాతులా నడుస్తున్నాడు' అని చెప్పి చెప్పి నవ్వాడు.

అలాంటి మనిషికి చెట్టు దగ్గర నిలబడే దిక్కు లేకపోయింది.

ఆ రోజు వేరే దారిన వచ్చానన్నావు. సమాధి తవ్వడానికి నేల మీద మంట పెట్టి కరిగించావు, పెట్టె మోశావు. మా ఇంట్లో కూర్చుని నేను వేసిన రొట్టెలు తిన్నావు, వెన్న రాసుకుని. నా భుజం పట్టుకుని ఏడ్చావు కూడా. 'నేను ఆ దారిన వచ్చుంటే ఇలా జరిగేది కాదు వదినా' అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు.

నీళ్ళు నమలకు. నాకు అన్నీ తెలుసు.

ఎలా తెలుసంటావా? మఖార్ చెప్పాడు. మర్నాడు పొద్దున్న ఆయిలు లారీవాళ్ళు చూసి ఆస్పత్రికి తెచ్చారుగా, సాయంత్రం దాకా ప్రాణం ఉంది. నడుం కింద చచ్చుబడిపోయింది గానీ మాట ఉంది. నువ్వు ఆస్పత్రికి రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నీ బండి వెళ్ళడం చూశాడట. నువ్వు హారన్ కొట్టావట.

హారన్ ఎందుకు కొట్టావు గావ్రిల్?

పోయేవాడివి నోరు మూసుకుని పోవచ్చుగా. దొంగలా దీపాలు ఆర్పుకుని పోతే ఆయన చూసేవాడే కాదేమో. హారన్ కొట్టావు. ఆయన ఏమనుకున్నాడో తెలుసా? వస్తానని చెప్పావనుకున్నాడు. ఎదర గట్టినేల మీద బండి ఆపి నడిచి వస్తావనుకున్నాడు. కూర్చున్నాడు. చాయ్ తాగి నీకోసం సగం ఉంచాడు. మధ్యాహ్నం దాకా నువ్వు రాలేదు. ఎండ ఎక్కింది, బండి దిగిపోతోంది. ఇక లాభం లేదని ఒక్కడే చెట్టుకి తాడు కట్టాడు. వించి వేసి, చెట్టు ఎలా ఉందో చూసేవాడు లేక తనే దిగి చూడ్డానికి వెళ్ళాడు. తాడు బిగిసి ఉండగానే. చెట్టు వేళ్ళతో సహా లేచి నడుం మీద పడింది.

అంత తెలిసిన మనిషి అంత తప్పు చేశాడు. అందరూ అదే అన్నారు, తొందరపడ్డాడు పాపం అని. తొందరపడలేదు. పొద్దున్నించీ నీకోసం ఎదురుచూశాడు.

ఇంకా విను, అసలు మాట ఇది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడంటే, 'గావ్రిల్ వస్తానని రాలేదు ఆకులీనా, వాడి బండికి ఏమైనా అయ్యిందేమో, ఎవరినైనా పంపించి చూడమను' అన్నాడు. వెన్ను విరిగి పడుకుని నీకోసం భయపడ్డాడు. పంపిస్తానని చెప్పాను. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు.

ఏడవకు. మా ఇంట్లో ఒకసారి ఏడ్చావు, అది చాలు. చెయ్యి తియ్యకు, మొహం తర్వాత తుడుచుకోవచ్చు.

ఎవరికీ చెప్పలేదు నేను. నోటిదాకా వచ్చింది ఎన్నిసార్లో. చెప్తే ఈ దారిలో నీకు ఎవడూ బండి ఆపడు, ఎవడూ చాయ్ పొయ్యడు, చలిలో టైరు పేలితే అక్కడే పోతావు. చెప్పి చంపచ్చు నిన్ను. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. మఖార్ నీ గురించి అంత మంచిగా అనుకుని పోయాడు కదా, అది పాడుచెయ్యడం ఇష్టం లేక అనుకుంటా.

ఏమిటీ? గట్టిగా చెప్పు.

గేటు మూసేస్తారని. అంతేనా? అంతేగా మరి, ఇంకేముంటుంది. అవతల ఎవరికైనా ఫోను చేసి పంపిద్దామనుకున్నావు. చేశావా? సిగ్నల్ లేదు. సిగ్నల్ వచ్చేసరికి ఆలస్యమైపోయింది, ఎలా చెప్పాలో తెలీలేదు. బాగుంది.

నాకూ ఇవాళ గేటే గావ్రిల్. అదే గేటు.

ఇంక చాలు, ఆఖరి లాగుడు. చెట్టు చూసుకో.

...

వచ్చింది. వచ్చేసింది, చెయ్యి తియ్యి. అబ్బ, ఎంత బరువు పెట్టావయ్యా ఇందులో, ఉల్లిపాయలా రాళ్ళా?

ఆగు. నా బండి ఏమిటి ఇలా వాలింది?

ఓహో. నీది పైకి లేస్తూ నాది కిందికి తొక్కింది. వెనక చక్రాలు రెండూ పోయాయి. నాచు చిరిగిపోయింది, కింద అంతా నీళ్ళే. చెట్టుని చూసుకుంటూ కూర్చున్నాను గానీ కింద నేలని చూసుకోలేదు. బుద్ధిలేనిదాన్ని.

సరే. పట్టీ విప్పి నాకివ్వు, కొక్కెం తీసి అక్కడ పడెయ్యి. నువ్వు బయల్దేరు. పక్కనించి పో, అక్కడ గట్టిగానే ఉంది. పొద్దు ఇంకా ఉంది, ఇప్పుడు పోతే అందుతుంది గేటు. నా సంగతి నేను చూసుకుంటాను. తవ్వుకుంటాను, దుంగలు నరికి వేసుకుంటాను. అవ్వకపోతే బండి వదిలేసి నడిచి పోతాను. ఆస్పత్రిలో నాకెవరూ లేరు ఇప్పుడు, తొందరేం లేదు.

పో అంటున్నాను. నన్ను చూస్తూ నిలబడతావేం? హారన్ మాత్రం కొట్టకు, అది ఒక్కటి నాకోసం చెయ్యి.

ఎక్కడికి? బండి అటు ఉంటే ఇటు వస్తావేం? పార ఎందుకు తెచ్చావు? ఒరేయ్, నీకే చెప్పేది. ఇది ఒక గంటలో తేలే పని కాదు. తవ్వి, దుంగలు వేసి, నీ బండితో లాగేసరికి చీకటి పడుతుంది, గేటు పడిపోతుంది. నీ బండీ నా బండీ రెండూ ఇటే ఉండిపోతాయి. ఉల్లిపాయలన్నీ కుళ్ళిపోతాయి. వినపడుతోందా?

వినపడుతోంది వాడికి. వింటూనే తవ్వుతున్నాడు.

ఇలా పడుకుని మోచేతుల దాకా బురదలో పెట్టి తవ్వుతున్నావు. నేను పో అన్నా పోవడం లేదు. గేటు మూసేస్తారన్నా పోవడం లేదు.

అంటే నీకు ఆగడం వచ్చన్నమాట.

నేను ఇన్నాళ్ళూ ఏమనుకుని సరిపెట్టుకున్నానో తెలుసా? వాడంతే, పిరికివాడు, వాడికి చేతకాదు, దేవుడు వాణ్ణి అలా పుట్టించాడు, ఏం చేస్తాం అనుకున్నాను. ఆ మాట అనుకుంటే రాత్రి కాస్త నిద్ర పట్టేది. ఇవాళ అది కూడా పోయింది. నీకు చేతనవును. ఆ రోజు కూడా చేతనయ్యే ఉంటుంది.

వద్దు, ఏమీ చెప్పకు. నాకు వినాలని లేదు. ఆ కుడి చక్రం కింద తవ్వు, అక్కడ ఎక్కువ దిగింది. నేను దుంగలు తెస్తాను.